నైరోబీలో కలిసే తరగతి

శ్రోతలకు నమస్కారం.

అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేయడానికి ఏం కావాలని అడిగితే, చురుకైన విద్యార్థి, ఓపికగల పర్యవేక్షకుడు, మంచి గ్రంథాలయం ఉంటే చాలునని చాలామంది అంటారు. కానీ కార్మిక అర్థశాస్త్రం లోతుగా చెప్పగల ఆచార్యుడు ఒక దేశంలోనూ, పన్నుల విధానంపై జీవితకాలం పనిచేసినవారు పొరుగు దేశంలోనూ, గణాంక పద్ధతుల్లో చెయ్యితిరిగినవారు మరెక్కడో వేల కిలోమీటర్ల అవతలా ఉన్నప్పుడు, ఏ ఒక్క విశ్వవిద్యాలయ శాఖా తనంత తానుగా పూర్తి శిక్షణ ఇవ్వలేదు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలు ఈ చిక్కును ఎలా విప్పుకున్నాయో ఈరోజు మీతో పంచుకోవాలనుకుంటున్నాను.

1980ల దశకం ఆ దేశాలకు గడ్డుకాలం. విదేశీ అప్పులు పెరిగాయి. వాటి వెంట ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థల షరతులు వచ్చాయి. కరెన్సీ విలువను తగ్గించాలా, సబ్సిడీలను తీసివేయాలా అన్న ప్రశ్నలపై బల్లకు అవతలి వైపు కూర్చున్న నిపుణులకు దీటుగా వాదించగల స్వదేశీ ఆర్థికవేత్తలు కొద్దిమందే ఉండేవారు. ఉన్నవారిలోనూ చాలామంది పై చదువుల కోసం ఖండం దాటి వెళ్లినవారే. తర్వాతి కాలంలో టాంజానియా కేంద్ర బ్యాంకు గవర్నరైన బెన్నో న్డులు అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. కెన్యా కేంద్ర బ్యాంకు గవర్నరుగా పనిచేసిన న్జుగునా న్డుంగు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో చేశారు. వీరిద్దరూ తిరిగివచ్చారు. అలా తిరిగిరానివారి వల్ల ఆయా విశ్వవిద్యాలయాలకు కలిగిన లోటును ఊహించడం కష్టం కాదు: చదువు చెప్పవలసిన తరమే అక్కడ లేకుండా పోయింది.

ఈ నేపథ్యంలో 1988లో కెన్యా రాజధాని నైరోబీ కేంద్రంగా ఆఫ్రికన్ ఎకనమిక్ రీసెర్చ్ కన్సార్షియం ఏర్పడింది. మొదట పరిశోధకులకు చిన్న చిన్న నిధులిచ్చి, ఏడాదికి రెండుసార్లు వారిని ఒకచోట చేర్చి, ఒకరి పనిని మరొకరి చేత నిశితంగా విమర్శింపజేయడమే దాని ప్రధాన కార్యక్రమంగా ఉండేది. పరిశోధన చేయగలవారు పెరగాలంటే చదువు దగ్గరే మొదలుపెట్టాలని త్వరలోనే తేలింది. 1993లో ఎం.ఏ. స్థాయిలో ఉమ్మడి కార్యక్రమం, 2002లో ఉమ్మడి పీహెచ్‌డీ కార్యక్రమం ప్రారంభమయ్యాయి. ఈ రెండింటికీ మధ్య దాదాపు పదేళ్లు గడిచాయి. ఆ వ్యవధిని నేను ఆలస్యంగా భావించను. పునాది గట్టిపడకముందే పై అంతస్తు లేపకపోవడం తెలివైన పని.

ఏర్పాటు ఇలా ఉంటుంది. టాంజానియాలోని డార్ ఎస్ సలామ్, నైజీరియాలోని ఇబాడాన్, కామెరూన్‌లోని యావుండే-2, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వంటి కొన్ని విశ్వవిద్యాలయాలు పట్టా ఇచ్చే బాధ్యత తీసుకున్నాయి. ఇతర దేశాల విద్యార్థులు తమకు అనువైన చోట చేరతారు. సూక్ష్మ అర్థశాస్త్రం, స్థూల అర్థశాస్త్రం, గణాంక పద్ధతులు అనే మూల పాఠ్యాంశాలను అక్కడ ఉమ్మడి పాఠ్యప్రణాళిక ప్రకారం చదువుతారు. ఆ తరువాత ప్రత్యేక విషయాల కోసం అన్ని చోట్ల నుంచీ నైరోబీకి వచ్చి, ఎంపిక చేసి పిలిపించిన ఆచార్యుల దగ్గర కలిసి చదువుకుంటారు. ప్రతి విశ్వవిద్యాలయమూ ప్రతి విషయానికీ ఒక నిపుణుణ్ణి పోషించలేదు గనుక, నిపుణుడున్న చోటికే విద్యార్థులను చేర్చడం ఈ పద్ధతి కీలకం.

నైరోబీలోని ఆ తరగతి గది గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ సహకారం అసలు విలువ నాకు అక్కడే కనిపిస్తుంది. మారకపు రేటు మీద పాఠం జరుగుతోందనుకోండి. కామెరూన్ విద్యార్థి పెరిగిన దేశంలో అక్కడి కరెన్సీ అయిన సీఎఫ్ఏ ఫ్రాంకు విలువ దశాబ్దాల పాటు ఒక ఫ్రెంచి ఫ్రాంకుకు 50 చొప్పున కదలకుండా ఉండి, 1994 జనవరిలో ఒక్కసారిగా 100కు మారింది. ఇప్పుడది యూరోకు 655.957 దగ్గర కట్టివేసి ఉంది. పక్క బెంచీలో కూర్చున్న నైజీరియా విద్యార్థి దేశం 1986లోనే తన కరెన్సీ నైరాను మార్కెట్ నిర్ణయానికి వదిలి, దాని విలువ పడిపోవడం చూసింది. ఈ రెండు దేశాలకూ ఉమ్మడి సరిహద్దు ఉంది. పుస్తకంలో స్థిర మారకపు రేటు ఒక అధ్యాయం, చలించే మారకపు రేటు మరో అధ్యాయం. ఆ గదిలో మాత్రం అవి ఇద్దరు పొరుగువారి ఇళ్లలో జరిగిన సంగతులు. కరెన్సీ విలువ తగ్గితే ఎగుమతిదారుకు లాభమన్న సూత్రం రాసిన వెంటనే, దిగుమతయ్యే మందుల ధర ఏమైందని అడిగే గొంతు అక్కడే ఉంటుంది.

కోకో సంగతీ అలాంటిదే. ఘనాలోనూ, ఐవరీ కోస్ట్‌లోనూ రైతుకు చెల్లించే ధరను ప్రభుత్వ సంస్థలే నిర్ణయిస్తాయి. రెండు ధరల మధ్య అంతరం పెరిగితే, గింజల బస్తాలు రాత్రివేళ సరిహద్దు దాటుతాయి. ఒక దేశపు గణాంకాలు మాత్రమే ముందు పెట్టుకున్న పరిశోధకుడు దిగుబడి పెరిగిందనో తగ్గిందనో పొరబడే ప్రమాదం ఉంది. అవతలి దేశపు లెక్కలు తెలిసిన సహాధ్యాయి పక్కనుంటే ఆ పొరపాటు మొదటి ముసాయిదాలోనే పట్టుబడుతుంది.

విద్యార్థి తన విశ్వవిద్యాలయానికి తిరిగివెళ్లి సిద్ధాంత గ్రంథం రాయడం మొదలుపెట్టాక కూడా ఈ బంధం తెగదు. పరిశోధన ప్రతిపాదన నుంచి చివరి అధ్యాయాల వరకు తన పనిని కన్సార్షియం ఏడాదికి రెండుసార్లు జరిపే సదస్సుల్లో పెట్టవలసి ఉంటుంది. ఏ మాత్రం పరిచయం లేని ఆచార్యులు నీ దత్తాంశాలు ఎక్కడివి, ఈ సర్వేలో ఎవరు తప్పిపోయారు, నీవు చెప్పే కారణానికి బదులు మరో కారణం ఎందుకు కాకూడదు అని అడుగుతారు. బోధనా భారంతో సతమతమయ్యే సొంత పర్యవేక్షకునికి ఇంత తీరిక దొరకడం అరుదు. ఒకే శాఖలో ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవారి మధ్య మొహమాటం ఉంటుంది. దూరం నుంచి వచ్చిన పరీక్షకునికి అది ఉండదు.

ఇలా కలిసి చదువు చెప్పడం ఆఫ్రికాకే పరిమితం కాదు. నెదర్లాండ్స్‌లో 1987లో రోటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్ నగరాల మూడు విశ్వవిద్యాలయాలు కలిసి టిన్‌బర్గెన్ సంస్థను నెలకొల్పాయి. అర్థశాస్త్రంలో 1969లో ఇచ్చిన మొదటి నోబెల్ పురస్కారాన్ని రాగ్నార్ ఫ్రిష్‌తో కలిసి అందుకున్న యాన్ టిన్‌బర్గెన్ పేరు దానికి పెట్టారు. స్విట్జర్లాండ్‌లో అక్కడి కేంద్ర బ్యాంకు నెలకొల్పిన గెర్జెన్‌సే అధ్యయన కేంద్రం, దేశమంతటి నుంచీ కొత్త పీహెచ్‌డీ విద్యార్థులను రప్పించి మూల పాఠాలు చెప్పిస్తుంది. సంపన్న దేశాలు సైతం ఒంటరిగా చేయడం కష్టమనుకున్న పని ఇది. వారికి రైలు ప్రయాణంతో సరిపోయేదానికి ఆఫ్రికా విద్యార్థులు విమానమెక్కాలి, ఫ్రెంచిలో చదివినవారు ఇంగ్లిషులో వాదించడం నేర్చుకోవాలి.

ఈ ఏర్పాటుకు లోటుపాట్లు లేవని చెప్పలేను. నిధులలో పెద్ద భాగం బయటి దాతల నుంచి రావడం నన్ను కలవరపెడుతుంది, ఎందుకంటే దాతల ప్రాధాన్యాలు మారిన నాడు ఇబ్బంది పడేది పరిశోధన మధ్యలో ఉన్న విద్యార్థి. దేశాల ప్రభుత్వాలు తమ వాటాను పెంచాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

చివరికి అందే పట్టా మీద డార్ ఎస్ సలామ్ అనో ఇబాడాన్ అనో ఒక్క విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. ఆ పట్టా పుచ్చుకున్నవారు తమ శాఖలో పాఠం చెబుతూ, ప్రత్యేక విషయం చదవదలచిన తమ విద్యార్థిని నైరోబీకి పంపడానికి సిఫారసు ఉత్తరం రాస్తున్నప్పుడు, అక్కడ ఏ ఆచార్యుని ముందు కూర్చోవాలో, ఏ ప్రశ్నకు సిద్ధపడి వెళ్లాలో వారికి ముందే తెలిసి ఉంటుంది.

నమస్కారం.