ఒడ్డుకొచ్చే తల్లి తాబేళ్ల లెక్క

ఊరి పెద్దలకు, బోటు యజమానులకు, బోటు నడిపే సరంగులకు, తెప్పల మీద వేటకెళ్లే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, హైస్కూల్ పిల్లలకు నమస్కారం.

సంక్రాంతి వెళ్లింది. తాబేళ్లు ఒడ్డుకొచ్చే రోజులు వచ్చేశాయి. ఆడపిల్ల కాన్పుకి పుట్టింటికి వచ్చినట్టు, ఆలివ్ రిడ్లే తాబేలు పెద్దయ్యాక తాను పుట్టిన తీరం వైపే గుడ్లు పెట్టడానికి వస్తుంది. మనకు ఉత్తరాన, ఒడిశాలోని గంజాం జిల్లా రుషికుల్య నది దగ్గరైతే గుంపులుగా వస్తాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ సుమారు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఆ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు చాలామంది ఉన్నారు, మీలో కొందరికి చుట్టాలు కూడా. మన శ్రీకాకుళం తీరానికి మాత్రం రాత్రికి ఒకటో రెండో, విడివిడిగా వస్తాయి. ఎక్కడ గుడ్లు పెట్టిందో తెలుసుకోవాలంటే ఇసుకలో నడవాల్సిందే. అందుకే మనకు గస్తీ కావాలి.

కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు చెబుతాను. తాబేలు పాకిన జాడ ట్రాక్టర్ టైరు అచ్చులా ఉంటుంది. గొయ్యి దాదాపు మూర లోతు, కూజాలా పైన ఇరుకు, అడుగున వెడల్పు. అందులో 100 నుంచి 120 దాకా గుడ్లు ఉంటాయి. గుడ్లను కాపాడటానికి వల కట్టి ఉంచిన చోటైన హేచరీకి మార్చాలంటే, పెట్టిన కొద్ది గంటల్లోనే మార్చాలి. ఆలస్యమయ్యాక గుడ్డును అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం చనిపోతుంది. ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉంచి తీయండి. హేచరీలో కూడా అలాంటి కూజా గొయ్యే తవ్వి, తేదీ రాసిన పలక పెట్టండి. 45 నుంచి 55 రోజులకి పిల్లలు వస్తాయి. ఇసుక వేడెక్కితే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి. ఎండలు ముదిరాక హేచరీ మీద నీడ వేసేది అందుకే.

పిల్లలు బయటపడ్డాక మొదటి రోజు వాటికి ఆపలేని ఊపు ఉంటుంది. ఆ ఊపుతోనే అవి ఒడ్డు దగ్గరి చేపల నోళ్లు తప్పించుకుని లోతు నీటికి చేరాలి. ముఖ్య అతిథి వచ్చేదాకా, ఫొటోలు అయ్యేదాకా వాటిని ప్లాస్టిక్ టబ్బుల్లో గంటల తరబడి ఆపడం నేను వేరే చోట చూశాను. చాలా బాధేసింది. ఆ ఊపంతా టబ్బులోనే అయిపోతుంది. మన ఊళ్లో అలా జరగకూడదు. ఎవరొచ్చినా, రాకపోయినా, పుట్టిన రాత్రే వదిలేద్దాం. చేత్తో నీళ్లలో వేయకుండా కాస్త దూరం ఇసుకలో నడవనిద్దాం. ఒడ్డున ఉన్న వీధి దీపాలకు మే దాకా సముద్రం వైపు రేకు కట్టమని పంచాయతీని అడిగాను, ఒప్పుకున్నారు. వెలుగు చూస్తే పిల్లలు ఊరి వైపు తిరిగిపోతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇన్నేళ్లూ మనం ఎన్ని గుడ్లు దాచాం, ఎన్ని పిల్లల్ని వదిలాం అనేదే లెక్కపెట్టాం. వదిలిన వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు. అది మళ్లీ గుడ్లు పెట్టడానికి రావాలంటే పది పదిహేనేళ్లు. అంటే ఒక తల్లి చనిపోతే, ఆ లోటు పూడటానికి వంద గుడ్ల చొప్పున కనీసం పది గూళ్లు కావాలి, ఆ పైన పదిహేనేళ్లు ఆగాలి. తెల్లారేసరికి కళ్లు ఉబ్బి, మెడ వాచి ఒడ్డున పడి ఉన్న తల్లుల్ని మీరూ చూశారు. ఒక్కోదాని కడుపులో గుడ్లు అలాగే ఉంటాయి. పక్కనే మన హేచరీ పచ్చని వల కట్టుకుని కళకళలాడుతూ ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన చూసినప్పుడు నాకు నోట మాట రాదు.

తాబేలుకి ఉన్నవి ఊపిరితిత్తులు. గాలి కోసం పైకి రావాలి. మరబోటు వెనక ఈడ్చే ట్రాల్ వలలో గంటల తరబడి చిక్కితే మునిగి చనిపోతుంది. ఏ సరంగూ తాబేలు కోసం వల వేయడు, కావాలని చంపడు. కూర్మనాథుడి గుడి ఉన్న జిల్లా మనది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. తల్లులు ఎక్కువగా వచ్చేది అంతకు ముందే. ఆ నెలల్లో వాటిని కాపాడే ముఖ్యమైన రూలు ఒకటి ఉంది: ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వల వేయకూడదు. ఆ నీళ్లు తెప్పల వాళ్లవి. ఆ గీత నిలబడితే తెప్పల వాళ్ల చేపా మిగులుతుంది, తాబేలూ మిగులుతుంది.

టెడ్ గురించి కూడా చెప్పాలి. వల గొంతులో ఏటవాలుగా బిగించే ఇనుప చట్రం అది. రొయ్యలు సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు తగిలి పక్కనున్న కన్నంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపోయేలా తయారు చేసింది. పెద్ద చేప కూడా పోతుందని సరంగులు అంటారు. ఆ మాట అబద్ధం కాదు, కొంత పోతుంది. డీజిల్ ధర చూస్తే ఆ కొంత కూడా బరువే. అయితే టెడ్ లేదనే కారణంతో 2019 నుంచి మన సముద్రపు రొయ్యని అమెరికా కొనడం లేదు. ఆ నష్టం కూడా బోటు మీదే పడుతోంది. మహారాష్ట్రలో వల కోసి తాబేలును వదిలితే 25,000 రూపాయల దాకా ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. మనకూ ఇవ్వాలని అర్జీ రాశాను. కింద బోటు యజమానుల సంతకాలు ఉంటేనే దానికి విలువ. ఈ సభ అయ్యాక దయచేసి చదివి, నచ్చితే సంతకం పెట్టండి.

ఈ ఏడాది గస్తీ రిజిస్టర్‌లో ఒక కొత్త గడి గీశాం. చనిపోయి కొట్టుకొచ్చిన తల్లి ఎక్కడ దొరికింది, ఏ రోజు, కడుపులో గుడ్లు ఉన్నాయా అని రాస్తాం. సరంగులకు నాదొక విన్నపం. మీ వలలో తాబేలు పడితే, బతికి ఉన్నా లేకపోయినా, ఎంత లోతులో, ఒడ్డుకి ఎంత దూరంలో పడిందో చెప్పండి. బోటు నంబరు అడగం, పేరు రాయం. కదలకుండా ఉన్నా చనిపోయిందని వెంటనే నీళ్లలో పడేయకండి. వెనక భాగం కాస్త ఎత్తుగా పెట్టి, తడి గోనె కప్పి నీడలో ఉంచితే కొన్ని గంటలకి తేరుకునే తాబేళ్లు ఉంటాయి.

రేపు రాత్రి మొదటి గస్తీ. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని, పదకొండు గంటలకి గంగమ్మ గుడి దగ్గరికి రండి.