సుసానా క్లార్క్ మొదటి నవలను సగంలో ఆపేసినవాళ్ళతో కాసేపు

నమస్కారం. ఇరవై ఏళ్ళుగా పాఠకులు రెండు జట్లుగా చీలి వాదించుకుంటున్న ఒక పుస్తకం గురించి ఈ రోజు మాట్లాడతాను. దాని పేరు 'జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్'. రాసింది సుసానా క్లార్క్ అనే బ్రిటిష్ రచయిత్రి. 2004 సెప్టెంబరులో వచ్చింది. అది ఆమె మొదటి నవల. దాదాపు 800 పేజీలు, 69 అధ్యాయాలు, 200కు కాస్త తక్కువగా అధోజ్ఞాపికలు, అంటే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇచ్చే వివరణలు. పదేళ్ళు పట్టింది రాయడానికి. ఆ పదేళ్ళూ ఆమె ఒక ప్రచురణ సంస్థలో వంటల పుస్తకాలకు సంపాదకురాలిగా పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు రాసుకుంటూ వచ్చారు.

ఆ పుస్తకాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళున్నారు. వంద పేజీలు చదివి పక్కన పెట్టేసినవాళ్ళూ అంతమంది ఉన్నారు. ఈ మాటలు ముఖ్యంగా ఆ రెండోవాళ్ళ కోసం. కథలో కొన్ని మలుపులు చెప్పక తప్పదు, కానీ ముగింపు మాత్రం బయటపెట్టను.

ముందు కథ ఏమిటో చూద్దాం. ఒకప్పుడు ఇంగ్లండులో మంత్రవిద్య ఉండేది. ఫెయిరీల దగ్గర, అంటే మంత్రశక్తులున్న ఒక అమానుష జాతి దగ్గర పెరిగిన ఒక మనిషి, వాళ్ళ సైన్యాన్నే వెంటబెట్టుకుని వచ్చి, ఉత్తర ఇంగ్లండును గెలిచి మూడు వందల ఏళ్ళు ఏలాడు. ఆయనే రావెన్ కింగ్. ఆయన వెళ్ళిపోయాక మంత్రం మెల్లగా అడుగంటిపోయింది. 1806 నాటికి యార్క్ నగరంలో మాంత్రికులమని చెప్పుకునే పెద్దమనుషులు నెలకోసారి సమావేశమై, ఒకరి వ్యాసాలు ఒకరికి చదివి వినిపించుకుంటారు. మంత్రం వేయడం మాత్రం ఒక్కరికీ రాదు. అలాంటి రోజుల్లో నోరెల్ అనే ముసలాయన, పుస్తకాల గదిలోంచి కదలడానికి ఇష్టపడని మనిషి, తనకు నిజంగానే మంత్రం వచ్చని ముందుకొస్తాడు. తర్వాత జొనాథన్ స్ట్రేంజ్ ఆయనకు శిష్యుడవుతాడు, ఆ తర్వాత ప్రత్యర్థి. నెపోలియన్ యుద్ధాలు జరుగుతున్న కాలం. స్పెయిన్‌లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సైన్యానికి స్ట్రేంజ్ మంత్రంతో దారులు వేసిపెడతాడు.

పాఠకుల మొదటి ఫిర్యాదు ఈ పుస్తకాన్ని అమ్మిన తీరు వల్ల పుట్టింది. దీన్ని వేసింది బ్లూమ్స్‌బరీ, అంటే హ్యారీ పాటర్‌ను వేసిన సంస్థే. దాంతో ఇది 'పెద్దవాళ్ళ హ్యారీ పాటర్' అన్న మాట పత్రికల్లో పాకిపోయింది. ఆ ఆశతో కొన్న పాఠకుడికి లోపల ఏమి దొరికింది? రెండు వందల ఏళ్ళ కిందటి నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ కాలపు వాక్యం, ఆ కాలపు పాత స్పెల్లింగులు, విందులు, మర్యాదలు, ఎవరు ఎవరి ఇంటికి వెళ్ళవచ్చు, ఎవరు వెళ్ళకూడదు అన్న చర్చలు. పేరులోనే ఉన్న జొనాథన్ స్ట్రేంజ్ 14వ అధ్యాయం దాకా మనకు ఎదురుపడడు. కోపం రాదా మరి? వస్తుంది. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను.

కాని ఆ కోపంతో పాటు ఒక సలహా కూడా ప్రచారంలోకి వచ్చింది. 'కింద ఉన్న అధోజ్ఞాపికలు వదిలేసి చదవండి, హాయిగా సాగిపోతుంది' అని. ఆ సలహా వినకండి. ఆ నవల ప్రాణంలో సగం ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకచోట నోరెల్ నాటింగ్‌హామ్ మాంత్రికుడి కూతురి ప్రస్తావన తెచ్చి, మధ్యలోనే ఆపేస్తాడు. మళ్ళీ ఎన్నడూ ఆ కథ ఎత్తడు. అధోజ్ఞాపిక మాత్రం ఆ కథను అందుకుని పేజీల కొద్దీ చెబుతుంది. మాంత్రికుడి ఉంగరం పరాయి స్త్రీ చేతిలో పడుతుంది, మంత్రం నేర్వని కూతురు దాన్ని తిరిగి తేవడానికి బయలుదేరుతుంది. నోరెల్‌కు చెప్పదగ్గదిగా తోచని కథ అది. పైన మగ పండితులు మాట్లాడుకుంటూ ఉంటారు, వాళ్ళు పట్టించుకోని మనుషులు పేజీ అడుగున బతుకుతుంటారు. పుస్తకం మొత్తం ఇలాగే కట్టారు. దీన్ని గమనించిన పాఠకుడికి ఆ నెమ్మది బరువుగా అనిపించదు, భయం మొదలవుతుంది.

యార్క్ చర్చి దృశ్యం చూడండి. నోరెల్ తన శక్తి చూపించడానికి ఆ మహాచర్చిలోని రాతి విగ్రహాలన్నిటికీ మాట తెప్పిస్తాడు. పుస్తకంలో మొదటి మంత్రం అదే. ఎవరినడిగినా ఆ దృశ్యం అద్భుతం అంటారు. నిజంగానే అద్భుతం. కాని ఆ రాళ్ళలో ఒక చిన్న విగ్రహం ఏమి మాట్లాడిందో ఎంతమందికి గుర్తుంది? ఐదు వందల ఏళ్ళ కిందట, చలికాలపు సాయంత్రం, జుట్టులో ఆకుతీగ పెట్టుకున్న ఒక అమ్మాయిని ఒక యువకుడు ఆ చర్చిలోనే గొంతు నులిమి చంపాడు. చూసింది రాళ్ళు మాత్రమే. మనుషుల్లో సాక్షి లేడు కాబట్టి వాడికి శిక్ష పడలేదు. నోరు వచ్చిన మరుక్షణం ఆ రాయి చెప్పింది ఇదే. వచ్చిన మాంత్రికులు మాత్రం నోరెల్‌తో కుదుర్చుకున్న పందెంలో ఓడామన్న బాధతో బయటికి నడుస్తారు, ఆ అమ్మాయి పేరు కూడా ఎవరికీ తెలియదు. మూడో అధ్యాయంలోనే రచయిత్రి మనకు పుస్తకం ఎలా చదవాలో చెప్పేశారు. ఎవరి మాటకు చెవి దొరకడం లేదో వాళ్ళ వెంట వెళ్ళాలి.

అలా వెళ్తే లేడీ పోల్ దగ్గర ఆగుతాం. నా మటుకు ఈ నవల ఆమెదే. పెళ్ళికి ముందే చనిపోయిన అమ్మాయి. కాబోయే భర్త ప్రభుత్వంలో మంత్రి. ఆమెను బతికిస్తే తనకు పలుకుబడి వస్తుందని నోరెల్ ఒక ఫెయిరీని పిలుస్తాడు. దూదిలాంటి తెల్లని జుట్టున్న ఆ పెద్దమనిషికి పుస్తకం చివరిదాకా పేరుండదు. అతను బేరం పెడతాడు. అమ్మాయి ఆయుష్షులో సగం నాకు. ఆమె ఇంకా 75 ఏళ్ళు బతుకుతుందని నోరెల్ లెక్క వేసుకుని సరేనంటాడు. ఆమెను ఎవరూ అడగలేదు, చనిపోయి ఉంది కదా. గుర్తుగా ఆమె ఎడమ చేతి చిటికెన వేలు ఫెయిరీ పట్టుకుపోతాడు.

సగం ఆయుష్షు అంటే చివరి సగం అనుకున్నాడు నోరెల్. ఫెయిరీ తీసుకున్నది ప్రతి రోజులోనూ సగం. రాత్రి కాగానే ఆమె అతని పాడుబడ్డ కోటలో తెల్లవార్లూ నాట్యం చేయాలి. పగలు మంచం మీంచి లేవలేదు. ఎవరికైనా చెప్పబోతే నోట మాట మారిపోతుంది. స్ట్రేంజ్ భార్య అరబెల్లా స్నేహంగా పక్కన కూర్చుంటే, లేడీ పోల్ తన గోడు చెప్పుకోవాలని నోరు తెరిచి, 1607లో హాలిఫాక్స్‌లో ఒకాయన అత్త ఇచ్చిన పది పౌండ్లతో తివాచీ కొన్న కథ చెబుతుంది. అర్ధరాత్రి లేచి చూస్తే ఆ తివాచీ నిండా జానెడు కూడా లేని చిన్న చిన్న మనుషులట. వింటున్నవాళ్ళు పాపం మతి చలించిందనుకుంటారు. వైద్యులూ అదే అంటారు. భర్త సర్ వాల్టర్ మంచివాడే, ప్రేమించినవాడే, అయినా అతనికీ అర్థం కాదు.

'ఈ పుస్తకంలో ఆడవాళ్ళకు చేయడానికి ఏమీ లేదు, బాధపడటమే పని' అని ఒక విమర్శ మొదటి నుంచీ ఉంది. అందులో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను. అరబెల్లాను చాలాసేపు కథ నుంచి పక్కకు నెట్టేశారు, అది నాకూ నచ్చలేదు. కాని లేడీ పోల్ విషయంలో ఆ విమర్శ నిలవదు. ఆమె ఊరుకోదు.  తుపాకీ పట్టుకుని నోరెల్ మీదికి వెళ్తుంది. దేశమంతా ఆరాధిస్తున్న మనిషిని నేరస్థుడని నిలదీసే ధైర్యం ఆ పుస్తకంలో మరెవరికి ఉంది?

ఆమె పక్కనే ఇంకొకరున్నారు. స్టీఫెన్ బ్లాక్. సర్ వాల్టర్ ఇంట్లో పెద్ద నౌకరు, నల్లజాతివాడు. తల్లి బానిసగా ఓడలో వచ్చి, అతన్ని కని కన్నుమూసింది. ఫెయిరీకి ఇతనంటే వల్లమాలిన ఇష్టం, ఇంగ్లండుకు రాజును చేస్తానంటాడు. స్టీఫెన్‌కు రాజ్యం అక్కర్లేదు, రాత్రిపూట నిద్ర కావాలి. అతని ఇష్టాన్ని యజమాని అడగడు, ప్రేమిస్తున్నానని చెప్పే ఫెయిరీ కూడా అడగడు. మొదటిసారి చదివేటప్పుడు మాంత్రికుల పోట్లాట మీద కన్నుంచి, స్టీఫెన్ అధ్యాయాలను గబగబా తిప్పేసినవాళ్ళు చాలామంది. రెండోసారి చదివినప్పుడు అతని కోసమే చదువుతారు.

ఇక్కడ మన తెలుగు పాఠకుల సంగతి ఒకటి చెప్పాలి. పురాణాలు వింటూ, చందమామ చదువుతూ పెరిగినవాళ్ళం. మన కథల్లో శాపం వెంటే విమోచనం కూడా వస్తుంది. అహల్యకు రాముడొచ్చే రోజు ముందే నిశ్చయమై ఉంటుంది. జయవిజయులకు మూడు జన్మలని గడువు ఉంటుంది. శాపానికి ఒక తప్పు కారణంగా ఉంటుంది, తప్పుకు తగ్గ కాలపరిమితి ఉంటుంది. ఆ అలవాటుతో ఈ నవల తెరిస్తే ఊపిరాడదు. లేడీ పోల్ ఏ తప్పూ చేయలేదు. గడువు లేదు. పైగా ఫెయిరీ తాను ఆమెకు ఉపకారం చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు, రోజూ నాట్యం, సంగీతం, ఇంకేమి కావాలని. బ్రిటిష్ దీవుల జానపద కథల్లో ఫెయిరీలు చాలావరకు ఇలాంటివాళ్ళే. పసిపిల్లలను మార్చేస్తారు, నాట్యానికి ఎత్తుకుపోతారు, వాళ్ళ న్యాయం మన న్యాయంతో కలవదు. రెక్కలున్న చిట్టి బొమ్మలు తర్వాతి కాలపు అలంకారం. క్లార్క్ ఆ పాత భయాన్ని మళ్ళీ బయటికి తీశారు.

బహుమతుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2004 బుకర్ బహుమతి ప్రాథమిక జాబితాలో నిలిచింది. 2005లో హ్యూగో, వరల్డ్ ఫాంటసీ పురస్కారాలు రెండూ వచ్చాయి. సాహిత్య విమర్శకులు, ఫాంటసీ అభిమానులు ఇద్దరూ ఒకే పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోవడం అరుదు. 2015లో బీబీసీ ఏడు భాగాల ధారావాహికగా తీసింది. మధ్యలో ఆపేసినవాళ్ళు కొందరు అది చూసి పుస్తకం దగ్గరికి తిరిగొచ్చారు. నటుల మొహాలూ గొంతులూ మనసులో పడ్డాక పాత్రలను పోల్చుకోవడం తేలికైంది కాబట్టి, అదీ మంచి దారే.

పాఠకుల స్పందనల్లో నన్ను కదిలించినది మాత్రం వేరే ఉంది. నవల వచ్చిన కొద్దికాలానికే క్లార్క్ జబ్బుపడ్డారు. ఏళ్ళ తరబడి వదలని నిస్సత్తువ. రెండో నవల 'పిరనేసి' 2020లో గాని రాలేదు, 2021లో దానికి విమెన్స్ ప్రైజ్ వచ్చింది. ఆ మధ్యలో పదహారేళ్ళు, మొదటి నవలకు కొనసాగింపు ఎప్పుడని అభిమానులు అడుగుతూనే ఉన్నారు. మంత్రబంధనం గురించి పెద్ద పుస్తకం రాసి, తానే అలాంటి దానిలో చిక్కుకున్నట్టయిందని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. పగలంతా లేవలేక, తనకేమైందో ఎదుటివాళ్ళకు నమ్మకం కలిగేలా చెప్పలేక పడి ఉన్న లేడీ పోల్ గుర్తొస్తుంది కదూ? దీర్ఘకాలం జబ్బుతో ఉన్న పాఠకులు ఆమెలో తమను చూసుకుంటారు. పరీక్షల్లో ఏమీ తేలలేదని వైద్యుడు చేతులు దులుపుకున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఆ తివాచీ కథ వింత కథలా అనిపించదు. రచయిత్రి జబ్బుకు ముందే రాసిన అధ్యాయం అది.

కాబట్టి సగంలో ఆపేసినవాళ్ళకు నా విన్నపం ఇది. ఈ నవల మూడు సంపుటాలుగా ఉంటుంది, మొదటిది 22వ అధ్యాయంతో ముగుస్తుంది. అక్కడిదాకా ఓపిక పట్టండి, కిందనున్న చిన్న అక్షరాలతో సహా. నోరెల్ పిసినారితనం మీద విసుగొస్తే రానివ్వండి, ఆయన మీద విసుగు రావాల్సిందే. లేడీ పోల్ నోరు తెరిచిన ప్రతిచోటా మాత్రం నెమ్మదించండి. ఆమె చెప్పే పొంతనలేని కథలను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మూడో సంపుటంలో ఒక మనిషి వాటిని శ్రద్ధగా వినడం మొదలుపెడతాడు, ఆ కాగితం అప్పుడు మీకు పనికొస్తుంది.