తెల్లవారాక దీపమెందుకు?

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎండలో నడిచి వచ్చిన మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం జపాన్‌లోని కొత్త మతాలు. మూడింటి గురించి రాసుకొచ్చాను. మొదటిది దాటేలా లేను, ముందే చెబుతున్నాను.

జపాన్ కొత్త మతం అనగానే మనవాళ్లకు 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో గుర్తొస్తుంది. నా బాధంతా అదే. ఆ ఒక్కరి పాపానికి అందరినీ ఒకే గాట కట్టేస్తాం. నేను చెప్పబోయేది ఒక ముసలమ్మ గురించి.

పేరు నకయామా మికి. 1798లో, ఇప్పటి నారా ప్రాంతంలో పుట్టింది. 1838లో కొడుకు కాలినొప్పి తగ్గాలని ఇంట్లో పూజ జరుగుతుంటే దేవుడు ఆమె నోట పలికాడని, ఈ ఇల్లాలిని తనకిమ్మన్నాడని ఆమె స్థాపించిన తెన్రిక్యో మతం వారి విశ్వాసం. భర్త మూడు రోజులు ససేమిరా అని, చివరికి ఒప్పుకున్నాడు. పూనకాలు ఎరిగిన మనకు ఇందులో వింత లేదు. ఆ తర్వాత ఆమె ఉన్నదంతా పేదలకు పంచేసి, ఇంటి పైకప్పు పెంకులు కూడా దింపించింది.

ఒళ్లు మనది కాదు, దేవుడు అరువిచ్చినది. మనసొక్కటే మన సొంతం అని ఆమె బోధ. తప్పును పాపమనలేదు, ధూళి అంది. పిసినారితనం, పరుల సొమ్ముపై ఆశ, ద్వేషం, నా వాళ్లనే మమకారం, పగ, కోపం, అత్యాశ, గర్వం. ఎనిమిదోది నాకు బాగా పేరుకుందని మా ఆవిడ అంటుంది.

ప్రభుత్వం ఆమెను పదేపదే నిర్బంధించింది. 1886 చలికాలంలో, తొంభైకి దగ్గరపడిన వయసులో, ఇచినొమొతో అనే ఊరి ఠాణాలో పన్నెండు రోజులు ఉంచారు. ఒక రోజు తెల్లవారింది. దీపం ఇంకా వెలుగుతోంది. కాపలా పోలీసు కునికిపాట్లు పడుతున్నాడు. ముసలమ్మ లేచి వెళ్లి దీపం ఊదేసింది. అతను ఉలిక్కిపడి కేకలు వేశాడు. పొద్దు పొడిచాక దీపమెందుకు, దండగ కదా అంది! ఇంకో రోజు మిఠాయిలమ్మేవాడు కనిపిస్తే కొనమంది, తనకు కాదు, విసుగ్గా కూర్చున్న ఆ పోలీసుకట.

ఒక్కసారి తలెత్తి చూడండి. ఉదయం పదకొండయింది, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, ఈ హాల్లో ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. బాబూ, ఆ స్విచ్చుల దగ్గర కూర్చున్న బాబూ... సంతోషం.

చీటీ వచ్చింది. ఒక్క మాట, అయిపోతుంది. తెన్రి నగరంలో వారి ప్రధాన ఆలయానికి వెళ్లాను. అక్కడ వసారాలు తుడవడం కూడా పూజే. హినోకిషిన్ అంటారు, కృతజ్ఞతతో చేసే పని. మన శ్రమదానంలా చీపురు పట్టి ఫోటో దిగి వెళ్లిపోయేది కాదు. ఒకావిడ మోకాళ్ల మీద వంగి పలకలు తుడుస్తోంది. అద్దంలా మెరుస్తున్న నేల. పక్కకు జరిగి నిలబడ్డాను. ఆమె గుడ్డ తిరగేసింది. రెండు వైపులా తెల్లగానే ఉంది. మళ్లీ మడిచి, తర్వాతి పలక మీద పెట్టింది.