మూలాపేటలో పాతిల్లు కొంటున్నారా? ముందు ఆడపిల్లల సంతకాలు అడగండి

[తెర మీద: ఇరుకు వీధి, రెండు పక్కలా తిన్నెలు, వీధి చివర గోపురం]

నమస్కారమండీ. నెల్లూరులో ఇల్లు బేరానికి పెడితే ముందు వినపడేది అంకణం లెక్క. "ఇరవై అంకణాలు సార్, తూర్పు ముఖం, గుడికి నాలుగడుగులు" అంటాడు బ్రోకరు. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణం అందులో సగం, 36 అడుగులే. ఆ ఊళ్ళో ఉండే బావమరిదిని సలహా అడిగితే "అంకణానికి అంత రేటా బావా, మోసపోతుండావు" అని గగ్గోలు పెడతాడు. పాపం ఆయన తప్పేం లేదు, ఆయన అంకణం వేరు. దస్తావేజు ఎలాగూ గజాల్లోనే రాస్తారు. ఇరవై అంకణాలంటే 160 గజాలు. పాత కాగితంలో ఉన్న కొలతను నమ్మకుండా టేపు పట్టించి, నేల మీద నిజంగా ఎంతుందో చూసుకున్నాకే రేటు మాట్లాడండి.

ఈ వీడియో మూలాపేట, రంగనాయకులపేట లాంటి పాత పేటల్లో ఇల్లు కొనాలనుకునేవాళ్ళ కోసం. మూలస్థానేశ్వరుడి గుడి చుట్టూ ఒకటి, పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి చుట్టూ ఇంకొకటి పెరిగిన పేటలివి. నెల్లూరు మున్సిపాలిటీ అయింది 1866లో, కార్పొరేషన్ అయింది 2004లో. ఈ వీధులు వేసిన రోజుల్లో కారు గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆ సంగతి మీకు మొదటి రోజే తెలుస్తుంది.

ముందు మంచి చెప్తా. పూలు, ఆకుకూరలు, చేపలు గడప ముందుకే వస్తాయి. కారం దోశ తినబుద్ధయితే చెప్పులేసుకుని వీధి చివరికి పోతే చాలు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మందుల షాపు, గుడి, పలకరించే మనిషి, అన్నీ నడిచే దూరంలో ఉండడం చిన్న సంగతేం కాదు. సాయంత్రం తిన్నె మీద కూర్చున్న పెద్దమ్మ వీధిలోకి వచ్చిన ప్రతి కొత్త మొహాన్నీ "ఎవరింటికి నాయనా?" అని ఆపుతుంది. సీసీ కెమెరా కన్నా నయం. కాకపోతే ఆ కెమెరా మీ ఇంటివైపు కూడా తిరుగుతుంది. మీ ఇంటికి ఎవరొచ్చారో, ఎప్పుడు పోయారో సందంతా తెలుస్తుంది. అది ఇష్టం లేనివాళ్ళకి వేదాయపాళెం వైపు అపార్ట్‌మెంటే సుఖం, మొహమాటం లేకుండా చెప్తున్నా.

[తెర మీద: సందులో వెనక్కి వస్తున్న కారు, గోడకు రాసుకోకుండా చెయ్యి ఊపుతున్న కుర్రాడు]

ఇక బండి సంగతి. "కారు వస్తాది సార్" అని బ్రోకరు అంటే, "వస్తాది సరే, తిరుగుతాదా?" అని అడగండి. ఆ వీధిలోకి రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి పోయి చూడండి. అందరి బైకులూ ఇళ్ళకు చేరాక మిగిలేదే అసలు వెడల్పు. అంబులెన్సు ఎంతవరకు రాగలదు, ఇసుక ట్రాక్టరు ఎక్కడ ఆగిపోతుంది, ఇరుగుపొరుగును అడిగితే చెప్తారు. ట్రాక్టరు రాని సందులో ఇల్లు కడితే ఇసుకంతా తట్టల్లో మోయించాలి, కూలి ఖర్చు తడిసి మోపెడవుతుంది. రంగనాథస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు గుడి దగ్గరి వీధుల్లోకి మీ బండి రావడం కష్టమే. ఆ రోజుల కోసమే ఆ వీధిలో ఉండాలనుకునేవాళ్ళూ ఉన్నారు, విసుక్కునేవాళ్ళూ ఉన్నారు. మీరు ఏ రకమో కొనకముందే తేల్చుకోండి.

మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాలవి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు ఏటి ఒడ్డు కాలనీల్లోకి నీళ్ళొచ్చిన సంగతి ఊరంతటికీ గుర్తే. అందుకే మే నెలలో ఇల్లు చూసి ముచ్చటపడి అడ్వాన్సు ఇచ్చెయ్యొద్దు, కార్తీక మాసంలో ఇంకోసారి పోయి చూడండి. అంతవరకు ఆగలేకపోతే పక్కింటి గోడ చూడండి. అమ్మే ఇంటికి ఎలాగూ కొత్తగా రంగులు వేయించి ఉంటారు, పక్కింటికి వేయించరు కదా! చెమ్మ ఎంత ఎత్తుకు పాకిందో ఆ గోడే చెప్తుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి వీధి ఎత్తు పెరిగి, ఇంట్లోకి మెట్టు దిగాల్సి వస్తోందా, అదీ చూడండి. అలాంటి ఇంటికి నేల ఎత్తు పెంచే ఖర్చు కూడా ధరలో కలుపుకోవాలి.

పాత మిద్దెల విషయానికొస్తే, టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి, గానుగ సున్నంతో వేసిన పైకప్పులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. మందమైన గోడలు, ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. దూలం మధ్యలో చూసి బాగుందనుకోవద్దు, గోడలోకి దూరే కొస దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. చెదలు, చెమ్మ ముందు పట్టేది అక్కడే. సున్నం గోడకు సిమెంటు పూత పూయిస్తే చెమ్మ బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది, అది రిపేరు కిందికి రాదు. బ్యాంకు లోను తీసుకుంటే ఇంజనీరు కట్టడం వయసు చూసి దానికి పెద్దగా విలువ కట్టడు, నేలకే కడతాడు. పడగొట్టి కట్టాలనుకుంటే పక్కింటితో ఉమ్మడి గోడ ఉందేమో చూసుకోండి. 160 గజాల్లో చుట్టూ ఖాళీ వదిలాక ఏం మిగులుతుందో ముందే ప్లాను గీయించుకోండి.

[తెర మీద: పసుపుపచ్చబడిన దస్తావేజులు, వేలిముద్రలు]

ఇంత చెప్పినా, పాత పేటలో డబ్బు మునిగేది గోడల దగ్గర కాదు, వాటాల దగ్గర. ఒక మామూలు ఇల్లు ఊహించుకోండి. తాత కొన్నాడు, వీలునామా రాయకుండా పోయాడు. ఇద్దరు కొడుకులు ఊళ్ళోనే, ఒక కూతురు చెన్నైలో, ఇంకో కూతురు అమెరికాలో. ఇంట్లో ఉంటున్న పెద్దాయన "ఇన్నేళ్ళుగా పన్ను నేనే కడుతుండా" అని రసీదులు చూపిస్తాడు. పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు ఆయనది అయిపోదు. "చెల్లెళ్ళకి పెళ్ళప్పుడే ఇచ్చేశాం" అంటాడు. ఆ మాటా చట్టం ముందు నిలబడదు.

హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా లేకుండా పోతే, ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, బతికుంటే ఆయన తల్లికి సమాన వాటాలు. పిత్రార్జితంలోనూ చట్ట సవరణ వల్ల 2005 సెప్టెంబరు 9 నుంచి కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. ఆ తేదీకి తండ్రి బతికే ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపంపకాలుంటే వాటిని ఈ సవరణ కదిలించదు. కూతురు చనిపోయి ఉంటే ఆమె వారసుల సంగతి చూడాలి. మైనరు వాటా ఉంటే కోర్టు అనుమతి కావాలి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ చట్టాలు వేరు, లాయరును అడగాల్సిందే.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చే రోజు వాటాదారులందర్నీ ఒకచోట కూర్చోబెట్టమనండి, దూరంగా ఉన్నవాళ్ళను వీడియో కాల్‌లో పిలవమనండి. "అక్క ఏమీ అనదు లెండి" అంటే, ఆ మాట అక్క నోటి నుంచే వినండి. వాళ్ళందరూ అమ్మకం దస్తావేజులో సంతకం పెట్టాలి, లేదా తమ వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల దస్తావేజు ముందే రిజిస్టరు చేసి ఉండాలి. విదేశాల్లో ఉన్నవాళ్ళు పంపే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ అయి, ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు పడాలి.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీశాం కదా అంటారు. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ 1983 నుంచే. అంతకుముందు వివరాలకి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. పైగా ఈసీలో కనపడేది రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే, బీరువాలో దాచిన వీలునామా అందులో కనపడదు.

గుడి దగ్గరి పేటల్లో ఇంకో మెలిక. స్థలం దేవాదాయ శాఖదో, దర్గాల దగ్గరైతే వక్ఫుదో అయి ఉండొచ్చు. అమ్మేవాళ్ళు తరాలుగా అక్కడే కాపురముండి ఉండొచ్చు, అమ్మే హక్కు మాత్రం ఉండదు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని స్థలాల జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అందులో ఉంటే బేరం అక్కడితో సరి, ఎంత తక్కువకి ఇస్తామన్నా సరే.

ఖర్చులు త్వరగా చెప్పేస్తా. ప్రస్తుత రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. ప్రభుత్వ మార్కెట్ విలువ, మీరు కొన్న ధర, ఏది ఎక్కువైతే దాని మీద. 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్, అంటే వాళ్ళ తరఫున ముందే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్ళలో ప్రవాసి ఉంటే ఆ వాటాకు లెక్క వేరు, ఎక్కువ పట్టుకోవాలి, ఆడిటరును అడగండి. 20 వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా ఇవ్వొద్దు, చెక్కో బ్యాంకు బదిలీయో చాలు.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటి పన్ను, కుళాయి కనెక్షన్, కరెంటు మీటరు మీ పేరుకు మార్పించుకోండి. వాటి పాత బకాయిల రసీదులు మాత్రం డబ్బు చేతులు మారకముందే తీసుకోండి. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తరు.