కారవాన్ గోడకు చెమ్మ పట్టకుండా

శ్రోతలందరికీ నమస్కారం.

మా బావమరిది ఎండాడలో ఉంటాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి బండి, కారవాన్, ఒకటి ఉంది వాడికి. పిల్లలతో అరకు వెళ్లి వచ్చిన మర్నాడు ఫోన్ చేశాడు. "బావా, నీళ్ల ప్లగ్గు పెట్టే చోట ప్లాస్టిక్ విరిగిపోయింది. గట్టిపడే ముద్దేదైనా పెట్టి అతికించేయనా?" నేను ముప్పై ఏళ్లు ఇక్కడ విశాఖలోనే ఓడల మరమ్మతు పని చేసినవాణ్ణి. "ఏమీ పెట్టకు, వస్తున్నా" అన్నాను.

ఆ ప్లగ్గు సంగతి ముందు చెబుతాను. ఇలాంటి బళ్లలో సింకు, కుళాయి ఉంటాయి. చాలావాటికి నీళ్లు మాత్రం బయటినుంచే రావాలి. బండి ఆపిన చోట పక్కనే ఒక పీపా పెడతారు. నలభై లీటర్లు పట్టేది మామూలుగా వాడతారు. అందులో నీళ్లలో మునిగే చిన్న పంపు వేసి, దాని పైపు చివరనున్న ప్లగ్గును బండి గోడకున్న సాకెట్‌లో దూరుస్తారు. నీళ్లు ఆ సాకెట్‌లోంచి లోపలికి వెళతాయి. పంపు తిరగడానికి కావలసిన 12 వోల్టుల కరెంటు, పక్కనున్న రెండు పిన్నుల ద్వారా బయటికి వస్తుంది.

ఎప్పుడూ ఎండలో నిలబడే ప్లాస్టిక్ కొన్నేళ్లకు పెళుసెక్కుతుంది. మన బీచ్ రోడ్డు పక్క ఉప్పుగాలికి పిన్నులు పచ్చగా చిలుమెక్కుతాయి, ప్లగ్గు బిగుసుకుంటుంది. దాన్ని తిన్నగా లాగకుండా పక్కకు వంచి లాగితే సాకెట్ పగులుతుంది. వాడి పిల్లలు చేసిందదే, పాపం.

పాత సాకెట్ విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. చుట్టూ నీళ్లు దూరకుండా పెట్టిన ముద్ద, అదే సీలెంట్, ఎండిపోయి, గోరు పెడితే పొడిలా రాలింది. రంధ్రం అంచున ఉన్న ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కాను. మెత్తగా లోపలికి పోయింది. పగులు మొన్నటిదే, తడి మాత్రం ఎన్నాళ్లనుంచో పడుతోందన్నమాట. ఈ బళ్ల గోడలు చాలావరకు ఇలాగే ఉంటాయి: పైన రేకో ఫైబరో, లోపల కర్ర చట్రం, మధ్యలో ఫోము. ఫోము పక్కన చేరిన తడికి గాలి తగలదు. ఆరదు. కర్ర చీకిపోయేదాకా లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు. బయట బొట్లు కారుతుంటే అందరూ కంగారు పడతారు. గోడలోకి దిగే చుక్కంటేనే నాకు భయం.

అందుకే ఆ రోజు కొత్తది బిగించలేదు. చీకిన ముక్కలు గీకేసి, రంధ్రంలోకి వర్షం పడకుండా పైన ప్లాస్టిక్ కాగితం కట్టి, లోపలివైపు టేబుల్ ఫ్యాన్ పెట్టాం. విశాఖ తేమలో అది ఆరడానికి వారం పైనే పట్టింది. ఆరాక చూస్తే పక్క కర్ర గట్టిగానే ఉంది.

ఈలోగా కొత్త సాకెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. కొనేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. ట్రూమా కంపెనీ వాళ్ల ప్లగ్గు వేల్ కంపెనీ వాళ్ల సాకెట్‌కు పట్టదు. పాతదాని మీదున్న పేరు చూసి, రంధ్రం కొలత తీసుకుని మరీ ఆర్డర్ పెట్టండి.

విప్పేముందు బ్యాటరీ కనెక్షన్ తీసేసి, కుళాయిలు తెరిచి పైపులు ఖాళీ చేయాలి. వైర్లు ఏది ఎటో ఫోటో తీసుకోవాలి. అటూ ఇటూ మారితే పంపు వెనక్కి తిరిగి, నీళ్లు సన్నగా వస్తాయి. లోపలి పైపు బిగుసుకుని రాకపోతే వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచండి, మెత్తబడి జారుతుంది. పాత సీలెంట్ గీకడానికి చాకు వద్దు, రేకు మీద గీతలు పడతాయి. ప్లాస్టిక్ గీకుడుబద్ద చాలు. తర్వాత స్పిరిట్‌తో తుడవాలి.

ఇక సీలెంట్. హార్డ్‌వేర్ షాపులో అడిగితే ముందు చేతికిచ్చేది బాత్రూముకు వాడే సిలికాన్. అది వద్దు. అనంతగిరి ఘాటీలో బండి గోడలు అదిరినప్పుడు దానితోపాటు కదిలేది కావాలి. ఎప్పటికీ గట్టిపడని బ్యూటైల్ మాస్టిక్ అడిగి తీసుకోండి. పైగా సిలికాన్ ఒకసారి అంటిందంటే దాని మరకమీద ఇంకేదీ సరిగా పట్టదు. మాస్టిక్‌ను సాకెట్ వెనక అంచు పొడవునా తెగకుండా వేసి, ప్రతి స్క్రూ రంధ్రం చుట్టూ కూడా కాస్త పెట్టి నొక్కాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడండి. ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెం బిగించాలి. బలమంతా చూపిస్తే కొత్త ప్లాస్టిక్ కూడా పగులుతుంది. మాస్టిక్ నాలుగు పక్కలా సమానంగా బయటికి ఉబికితే చాలు.

పంపు వేసి, లోపలి పైపు జాయింటు కింద టిష్యూ కాగితం పరిచి ఆ రాత్రి అలాగే వదిలేశాం. తెల్లారి మా బావమరిది కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "పొడిగానే ఉంది బావా!"

ఉబికిన మాస్టిక్‌ను వెంటనే కోయలేదు. మన ఎండకు రెండు మూడు రోజులు ఇంకా కొంచెం బయటికి వస్తుంది. అప్పుడు ప్లాస్టిక్ బద్దతో అంచు వెంట తీసేశాం. లంబసింగి వెళ్లి వచ్చాక స్క్రూలు మరోసారి తిప్పి చూడమని చెప్పి వచ్చాను.