ఒతెదమా సంచిలో వేయించిన గింజలు

నమస్కారం అండి. యుద్ధంలో బడిపిల్లల్ని పల్లెలకు తరలించడం అంటే చాలామందికి లండనే గుర్తొస్తుంది. 1939 సెప్టెంబర్ 1న మొదలుపెట్టి మూడు రోజుల్లో లండన్‌తో పాటు బ్రిటన్ నగరాల నుంచి సుమారు 15 లక్షల మందిని తరలించారు. బట్టలకు పేరు చీటీ, భుజాన గ్యాస్ మాస్క్ డబ్బా, ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. నేను మాత్రం ఈరోజు జపాన్ పిల్లల గురించి చెప్పాలనుకుంటున్నాను.

1944 జూన్‌లో అమెరికా సేనలు సైపాన్ దీవిలో దిగాయి. ఆ దీవి పోతే బాంబర్లు టోక్యో దాకా వచ్చేస్తాయి. ఆ నెలాఖరుకే జపాన్ ప్రభుత్వం తేల్చేసింది: పల్లెలో చుట్టాలుంటే పిల్లల్ని అక్కడికి పంపండి, లేకపోతే మూడు నుంచి ఆరో తరగతి వాళ్లను టీచర్లతో సహా మేమే తీసుకెళ్తాం. అలా నాలుగు లక్షల మందికి పైగా పిల్లలు అమ్మానాన్నలకు దూరంగా బౌద్ధాలయాల్లో, సత్రాల్లో ఉన్నారు.

దారిలోనే పోయినవాళ్లూ ఉన్నారు. ఆగస్టు 22న ఒకినావా నుంచి పిల్లల్ని తీసుకెళ్తున్న త్సుషిమా మారు ఓడను అమెరికా జలాంతర్గామి ముంచేసింది. ఏడు వందల మందికి పైగా పిల్లలు చనిపోయారు.

చేరినవాళ్లకు ఆకలి. ఉత్తరాలు టీచర్లు చదివాకే పోస్టుకు వెళ్లేవి, అందుకని కడుపు మాడుతోందని రాసే వీల్లేదు. ఆడపిల్లలు ఎగరేసి పట్టుకుని ఆడుకునే చిన్న గుడ్డ సంచులుంటాయి, ఒతెదమా అంటారు. లోపల గింజలు పోసి కుడతారు. కొందరు తల్లులు అందులో వేయించిన సోయా గింజలు పోసి పంపారు. పైకి ఆటబొమ్మే. కుట్టు విప్పితే తిండి. ఆ తల్లి సూదీ దారం పట్టుకుని ఏమనుకుని ఉంటుందో తలుచుకుంటేనే నాకు గొంతు పట్టేస్తుంది.

నాకు అస్సలు మింగుడుపడనిది 1945 మార్చి సంగతి. ఆరో తరగతి పూర్తవుతోందని, పైచదువుకు వెళ్లాలని ఆ పిల్లల్ని టోక్యోకు తిరిగి తీసుకొచ్చారు. నెలల తర్వాత ఇంట్లో పడుకున్నారు. మార్చి 10 తెల్లవారుజామున అమెరికా బాంబులకు నగరం తగలబడింది. సుమారు లక్ష మంది చనిపోయారు, వాళ్లలో అప్పుడే ఇల్లు చేరిన ఆ పిల్లలూ ఉన్నారు.

హిరోషిమా నుంచి పల్లెలకు పంపిన పిల్లలది ఇంకో రకం. అణుబాంబు పడిన ఆగస్టు 6న వాళ్లు పల్లెల్లో క్షేమంగానే ఉన్నారు. యుద్ధం ముగిశాక పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ పిల్లల్ని తీసుకెళ్లారు. కొందరి కోసం ఎవరూ రాలేదు.