తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

అందరికీ నమస్కారం.

ఇందాక నన్ను విపత్తు నిర్వహణ కన్సల్టెంట్ అని పరిచయం చేశారు. ఆ మాట వినగానే మీకు నారింజ రంగు దుస్తుల్లో, వరద నీళ్లలోంచి జనాన్ని పడవ ఎక్కిస్తున్న ఎన్డీఆర్ఎఫ్ జవాన్లు గుర్తొచ్చి ఉంటారు. వాళ్లకు నా దణ్ణం. వాళ్ల పని నేను చెయ్యలేను. నా పని ఆ పడవ రావాల్సిన రోజుకు ఏడాది ముందే మొదలవుతుంది. ఊరంతా నడవడం, అడగడం, రాసుకోవడం, రాసింది నిజమో కాదో మళ్లీ వెళ్లి చూడడం.

మాది దివిసీమ. 1977 నవంబర్ 19న అక్కడ ఉప్పెన వచ్చింది. పది వేల మందికి పైగా పోయారు. నేను అప్పటికి పుట్టలేదు కానీ మా ఇంట్లో పెళ్లిళ్లు, పుట్టుకలు అన్నీ 'ఉప్పెనకు ముందు', 'ఉప్పెన తర్వాత' అనే లెక్కలోనే చెప్పుకునేవారు. మా నాయనమ్మ ఎప్పుడూ ఒకటే మాట అనేది: "గాలొస్తుందని తెలుసురా, నీళ్లొస్తాయని ఎవరూ చెప్పలేదు."

నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఆ మాట వల్లే. గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయని చెబితే ఊళ్లో మనిషికి ఏం చెయ్యాలో తెలియదు. 'మీ వీధిలోకి నడుము లోతు నీళ్లొస్తాయి, పొద్దుగూకే లోపల బడి మేడ మీదికి వెళ్లండి' అంటే కదులుతాడు. ఒడిశానే చూడండి. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పది వేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ తుఫాను కూడా భీకరంగానే వచ్చి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆసారి పోయినవాళ్లు పదుల్లోనే. ఆ రెండు తుఫాన్ల మధ్య కాలంలో వాళ్లు జనం తలదాచుకోవడానికి తుఫాను షెల్టర్లు కట్టారు, వాటిని చూసుకోవడానికి ఊరివాళ్లతోనే కమిటీలు వేశారు, ఎవరు ఎవర్ని తీసుకురావాలో ముందే పంచుకుని డ్రిల్ చేశారు. లక్షల మందిని ముందే తరలించగలిగింది అందుకే.

షెల్టర్ అంటే ఒక సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తీరం వెంట షెల్టర్ల సర్వేకు వెళ్లాను. ఒక ఊళ్లో భవనం చూసి నాకు సంతోషం వేసింది. ఎత్తైన స్తంభాలు, చక్రాల కుర్చీ ఎక్కించడానికి ర్యాంపు, మేడ మీద నీళ్ల ట్యాంకు. తలుపుకు తాళం ఉంది. చెవి పంచాయతీ కార్యదర్శి గారి దగ్గర ఉందన్నారు. ఆయన్ని అడిగితే హెడ్మాస్టారి దగ్గర ఉందన్నారు. హెడ్మాస్టారేమో, బదిలీ మీద వెళ్లిన మాస్టారు పట్టుకెళ్లారేమో చూడాలన్నారు. మధ్యాహ్నం దాకా తలుపు తెరుచుకోలేదు. అది ఎండ కాస్తున్న మామూలు రోజు. తుఫాను రాత్రి చంకలో బిడ్డతో ఆ మెట్ల మీద నిలబడ్డ తల్లిని ఊహించుకోండి. నా రిపోర్టులో మొదటి వాక్యం ఆ తాళం గురించే రాశాను. ఇప్పుడు ఏ ఊరి ప్రణాళిక రాసినా, షెల్టర్‌కు దగ్గరగా ఉన్న మూడు ఇళ్లలో మూడు చెవులు ఉండాలని, ఆ ఇళ్లవాళ్ల పేర్లతో సహా రాస్తాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ విశాఖ నగరం మీదే తీరం దాటింది. మీరంతా అప్పుడు చిన్నపిల్లలు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ కోసం క్యూలు. మా వృత్తికి అది పెద్ద పాఠం. చాలా ప్రణాళికల్లో సగం పేజీలు ఫోన్ నంబర్లే. టవర్లు పడిపోతే ఆ పేజీలు ఎందుకూ పనికిరావు. అందుకే వైర్‌లెస్ సెట్ ఎక్కడుంది, జనరేటర్‌కు డీజిల్ ఎన్ని గంటలకు సరిపోతుంది, కబురు మోసుకెళ్లే మనిషి ఎవరు అని అడుగుతాం.

ఇక ఫ్యాక్టరీలు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రమాదకర రసాయనాలు పెద్ద మొత్తంలో వాడే ఫ్యాక్టరీకి గేటు లోపల ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో చెప్పే ఆన్‌సైట్ ప్రణాళిక ఉండాలి, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరగాలి. గేటు బయట ఊరి కోసం జిల్లా యంత్రాంగం ఆఫ్‌సైట్ ప్రణాళిక తయారు చెయ్యాలి. ఒక కంపెనీలో డ్రిల్ చూడ్డానికి వెళ్లాను. సైరన్ మోగింది, అందరూ చకచకా అసెంబ్లీ పాయింట్‌కు, అంటే ప్రమాదంలో అంతా గుమికూడాల్సిన చోటికి చేరారు, చప్పట్లు కొట్టారు. తలెత్తి చూస్తే గాలి దిశ చూపించే గుడ్డసంచి చిరిగి వేలాడుతోంది. గాలి ఆ రోజు ట్యాంకుల వైపు నుంచి మేం నిలబడ్డ చోటికే వీస్తోంది. నిజంగా గ్యాస్ లీకై ఉంటే అందర్నీ దాని దారిలోనే నిలబెట్టినట్టు. పైగా తలలు లెక్కపెట్టినప్పుడు కాంట్రాక్టు కార్మికులు ఎవరి జాబితాలోనూ లేరు.

తప్పు నా వైపూ జరిగింది. ఒక ప్లాంటుకు నూట ఎనభై పేజీల ప్రణాళిక ఇంగ్లీషులో రాసిచ్చాను. రాత్రి షిఫ్టులో ఒక ఆపరేటర్‌ని "వాల్వ్ లీకైతే మీరేం చేస్తారు?" అని అడిగితే "సార్‌కి ఫోన్ చేస్తానండి" అన్నాడు. నా పుస్తకం ఆ సార్ బీరువాలో ఉంది. ఆ నెలంతా కూర్చుని, ఒక్కో చోట పనిచేసే మనిషికి ఒక్కో కాగితం, తెలుగులో, హిందీలో రాసి గోడకు అంటించాం. ఇదే నగరంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి పక్కనే ఉన్న వెంకటాపురం మీదికి వచ్చి 12 మందిని బలి తీసుకుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. నిద్రలోంచి లేచిన మనిషి, గాలికి ఎదురూ కాదు, గాలి వెంటా కాదు, అడ్డంగా పోవాలి. ఈ ఒక్క ముక్క గేటు బయట ప్రతి ఇంటికీ తెలియాలని నేను ఇప్పటికీ తిరుగుతున్నాను.

ఈ రంగంలోకి ఎవరు రావచ్చని మీ అధ్యాపకులు అడగమన్నారట. ఇంజినీరింగ్, జాగ్రఫీ, సోషల్ వర్క్, నర్సింగ్ ఏది చదివినా రావచ్చు. ముంబై టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) పీజీ ఉంది, ఇగ్నోలో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) డిప్లొమా ఉంది, గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళిక ఉండాలి కాబట్టి పని ఉంటుంది. పోర్టులు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు కూడా పిలుస్తాయి. కానీ మొదటి మూడు నాలుగేళ్లు జీతం తక్కువ, చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. తుఫాను వచ్చిన నెలలో ఫోన్ ఆగదు. రెండేళ్లు రాకపోతే అందరూ ముందు కోసేది డ్రిల్ ఖర్చే. ఇంట్లో టెన్షన్ పడతారు, మా ఇంట్లోనూ పడ్డారు.

వచ్చే శనివారం భీమిలి వైపు ఒక మత్స్యకార గ్రామంలో తుఫాను డ్రిల్ ఉంది. నాకు ఆరుగురు కావాలి. ఒక్కొక్కరు ఒక్కో ముసలమ్మ ఇంటి గడప దగ్గర మొదలుపెట్టి, ఆమెతో పాటే ఆమె నడకతో షెల్టర్ దాకా నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాయాలి. బూట్లు వేసుకుని, చేతికి గడియారం పెట్టుకుని రండి. ఉదయం ఆరున్నరకు కాలేజీ గేటు దగ్గర బస్సు. ఫోన్లు ఎక్కేటప్పుడే నాకు ఇచ్చెయ్యాలి, ఆ రోజు సిగ్నల్ లేదనుకునే డ్రిల్ అది.